నీళ్ళు ఆగే చోటు ఎవరి మ్యాపులో ఉంది?

రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంబడి ఊళ్ళలో కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి, తలలు రాలి మోడులైపోతున్నాయి. ఇది తెగులు వల్ల వచ్చిన నష్టం కాదు, ఉప్పు వల్ల వచ్చింది. పొలాల నీటిని సముద్రానికి పంపడానికి ఉన్న డ్రెయిన్ గుండానే పోటు వేళ సముద్రపు నీరు ఎగదన్ని తోటల్లోకి చేరుతోంది. రైతులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి వచ్చి ఆ తోటలు చూశాకే ఈ సంగతి రాష్ట్రమంతా మాట్లాడుకుంది.

ఈ సమస్య ఎవరిదని అడిగి చూడండి. డ్రెయిన్ జలవనరుల శాఖది. కొబ్బరి ఉద్యానవన శాఖది. డ్రెయిన్ పక్కన తవ్విన చెరువులకు అనుమతులు మత్స్యశాఖ చూస్తుంది. దాని మీద కట్టిన వంతెనలు కొన్ని రోడ్లు భవనాల శాఖవి, కొన్ని పంచాయతీరాజ్‌వి. డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గరి మడ చెట్లు అటవీశాఖ పరిధిలో ఉంటాయి. ప్రతి శాఖా తన పని తాను చేస్తున్నానని చెప్పగలదు, చాలావరకు అది నిజం కూడా. ఇన్ని పనులూ ఒకే నేల మీద కలిసినప్పుడు నీరు ఏం చేస్తుందో ముందుగా చూసి చెప్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు.

ఆ పనికోసం శిక్షణ పొందిన వృత్తి ఒకటుంది. వాళ్ళను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులంటారు. మన దగ్గర ఈ మాట వినగానే లాన్లు, పూలకుండీలు, అపార్టుమెంటు ముందు ఫౌంటెన్ గుర్తొస్తాయి. కానీ నేల వాలు, మట్టి, నీటి నడక, చెట్టుచేమ, మనుషుల అలవాట్లు, ఈ ఐదింటినీ ఒకే కాగితం మీద పెట్టి ఆలోచించడం వాళ్ళ చదువులో అసలు భాగం. చాలా దేశాల్లో ఈ వృత్తివాళ్ళు డిజైన్లు గీయడంతో ఆగకుండా ప్రభుత్వ విధానాల దగ్గరికి వెళ్ళి వాదిస్తున్నారు. వాతావరణ మార్పుకు తట్టుకునేలా ఊళ్ళనూ తీరాలనూ ఎలా సర్దుకోవాలన్న చర్చలో కూర్చుంటున్నారు. గోదావరి డెల్టాలో ఆ గొంతు దాదాపు వినబడటం లేదు. అది వినబడాలని నేను బలంగా అనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నేల సంగతి మాట్లాడుకోవాలి.

మెరక, పల్లం, పోటు

1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అనగానే కాటన్ దొర, కాలువలు, వరి చేలు కళ్ళ ముందుకొస్తాయి. ఆ ఏర్పాటులో మనం అంతగా తలుచుకోని భాగం మురుగునీటి దారి. సాగునీటి కాలువను మెరక వెంబడి తీస్తారు, అక్కణ్ణించి రెండు పక్కలకూ నీరు వాలుకు దిగాలి కాబట్టి. రెండు మెరకల నడుమ పల్లంలో డ్రెయిన్ పోతుంది. పొలం తాగగా మిగిలిన నీరూ వాన నీరూ అందులో పడి సముద్రానికి చేరాలి. అందుకే డెల్టాలో ఊళ్ళూ కొబ్బరి తోటలూ మెరకన ఉంటాయి, వరి పల్లంలో ఉంటుంది. తీరానికి దగ్గరయ్యేకొద్దీ ఈ మెరకలు చాలావరకు ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బలే. ఒండ్రు పేరుకుని తీరం ముందుకు జరిగినప్పుడల్లా పాత ఒడ్డు లోపల ఉండిపోయింది. పాత ఊళ్ళు ఎక్కడెక్కడ వెలిశాయో చూస్తే ఆ ఎత్తుపల్లాలు మన పెద్దవాళ్ళకు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.

డ్రెయిన్‌ను ఎంత వెడల్పు చేసినా అది సముద్రంలోకి బాగా లాగేది పాటు వేళలోనే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే. మన తీరంలో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. పోటు ఎత్తుగా ఉన్నంతసేపూ డ్రెయిన్లో నీరు మందగిస్తుంది, తీరం దగ్గరైతే వెనక్కే నడుస్తుంది. తుపాను తోడై ఉప్పెన వస్తే చెప్పనక్కరలేదు. ఆ గంటలసేపు, తుపాన్లప్పుడు ఆ రోజులపాటు, కురిసిన వాన ఎక్కడో ఒకచోట ఆగాలి. డెల్టా ముంపు గురించి ఒక్క విషయమే గుర్తు పెట్టుకోవాలంటే నేను దీన్నే చెబుతాను. నీళ్ళు ఎటు పోవాలో అందరూ మాట్లాడతారు. పోయేదాకా ఎక్కడ ఆగాలో చాలా తక్కువమంది మాట్లాడతారు.

ఒకప్పుడు ఆగే చోట్లు చాలా ఉండేవి. ఊరి చెరువు, కుంట, డ్రెయిన్ పక్క బీడు, ఉప్పుటేరు ఒడ్డున మడ, రెల్లు పెరిగిన పోరంబోకు, పల్లపు సార్వా పొలం. రెవెన్యూ లెక్కల్లో వీటిలో చాలావాటికి విలువ లేదు, అందుకే ముందుగా అవే పోయాయి. పల్లపు వరి చేను రొయ్యల చెరువైతే దాని చుట్టూ గట్టు లేస్తుంది. చెరువు అప్పటికే నిండుగా ఉంటుంది కాబట్టి వానకు అక్కడ చోటు దొరకదు. గట్టుకు తగిలిన నీరు పక్క రైతు చేలో నిలుస్తుంది. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల సాగు తీరునే మార్చేసింది. రైతు ఎందుకు మారాడో నాకు తెలుసు, దాళ్వా వరిలో మిగిలేది ఎంతో తెలిసినవాడెవడూ అతన్ని తప్పుపట్టలేడు. కానీ వేలమంది విడివిడిగా తీసుకున్న సరైన నిర్ణయాలు కలిసి ఒక ప్రాంతాన్ని ముంచగలవు. పల్లంలో ఇళ్ల స్థలాలు వేసి మట్టి తోలినా, రోడ్డు ఎత్తు పెంచి కింద తూములు పెంచకపోయినా జరిగేది అదే. రోడ్డు కాస్తా గట్టవుతుంది.

కొల్లేరు ఈ కథలో అన్నిటికంటే పెద్ద అధ్యాయం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ సరస్సు ఎగువ వాగుల వరదను పట్టి ఉంచుకుని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదిలేది. దానిలోపలే చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో ప్రభుత్వమే చెరువుల గట్లు కొట్టేయించింది. అయినా వివాదం ఇవాళ్టికీ తేలలేదు. నీళ్ళు ఆగే చోటును ఒకసారి పోగొట్టుకున్నాక తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో, దానిమీద ఆధారపడినవాళ్ళకు ఎంత నొప్పో కొల్లేరు చూపిస్తుంది.

మురుగు సమస్య ప్రభుత్వాలకు తెలియనిదేమీ కాదు. 1960ల్లోనే రెండు డెల్టాల డ్రెయిన్ల మీద మిత్రా కమిటీ పనిచేసింది. 1968లో రైతుల దగ్గర డ్రైనేజీ సెస్సు వసూలుకు చట్టం కూడా వచ్చింది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు డ్రెయిన్ల దుస్థితి కూడా వాళ్ళ ఫిర్యాదుల్లో ఉంది. అప్పుడు మోహన్ కందా కమిటీ వేశారు. ప్రతిసారీ వచ్చే మొదటి జవాబు పూడిక తీయడం, గుర్రపుడెక్క తొలగించడం. ఆ రెండూ తప్పక చేయాల్సినవే. అయితే మొగ దగ్గర తగిన తలుపులు లేకుండా డ్రెయిన్‌ను లోతుగా తవ్వితే ఉప్పు నీటికి లోపలికి దారి సుగమం చేసినట్టూ అవుతుంది.

ఈ పాత చిక్కుల మీద ఇప్పుడు వాతావరణ మార్పు వచ్చి కూర్చుంది. 2006 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం ఏడాదికి సగటున 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ లెక్క. ఇది చిన్న సంఖ్యలాగే కనబడుతుంది. వాలు లేని నేలలో, పాటు మీద బతికే డ్రెయిన్‌కు అది చిన్నది కాదు. మరోపక్క ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు చేరేది సగానికి పైగా తగ్గింది. ఒండ్రు లేకపోతే డెల్టా తన ఎత్తును తాను నిలబెట్టుకోలేదు. ప్రపంచ డెల్టాల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం గోదావరిని ప్రమాదం పెరుగుతున్న డెల్టాల్లో చేర్చింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసి కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసిన 1996 నవంబరు 6 తుపానును కోనసీమలో ఎవరూ మరచిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. నదివైపు చూస్తే, 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో జనం ఇళ్ళ మీదికెక్కి రోజులు గడిపారు. వరద సీజన్ వస్తే కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్త తప్పదు.

బోస్టన్‌లో ఇదే పోటు, ఇదే చిక్కు

ఇప్పుడు వృత్తి దగ్గరికొద్దాం. అమెరికాలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌కు పితామహుడిగా చెప్పుకునే ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌కు 1870ల చివర్లో బోస్టన్ నగరం ఒక పని అప్పగించింది. చార్లెస్ నది పక్కన బ్యాక్ బే అనే చోట బురద, మురుగు, దుర్వాసన. పోటు వచ్చినప్పుడు స్టోనీ బ్రూక్ అనే వాగు నీరు నదిలోకి వెళ్ళలేక ఊరి మీద పడుతోంది. చదువుతుంటే మన ఉప్పుటేళ్ళే గుర్తొస్తాయి. ఆయన నగర ఇంజనీర్లతో కలిసి అక్కడ ఉప్పు గడ్డి పెరిగే చిత్తడి నేలను తీర్చిదిద్దాడు. పోటు ఉన్నంతసేపు వాగు నీరు అందులో ఆగుతుంది, పాటులో దిగిపోతుంది. జనానికి అది పార్కు, ఇంజనీరుకు వరద నీటి తొట్టి. 1910లో చార్లెస్ నదికి ఆనకట్ట కట్టడంతో పోటు రావడమే ఆగిపోయి ఆ ఉప్పు చిత్తడి అంతరించింది. వేరే ఎవరో వేరే అవసరానికి తీసుకున్న నిర్ణయం ఎంత మంచి డిజైన్‌నైనా చెరిపేయగలదు. ఈ వృత్తివాళ్ళు డిజైన్ బల్ల దాటి విధానాల వైపు నడవడానికి ఇలాంటి అనుభవాలే కారణమని నా అభిప్రాయం.

1966 జూన్‌లో ఫిలడెల్ఫియాలో కొందరు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు కూడి, దేశంలో గాలీ నీరూ నేలా చెడిపోతున్నాయని, దానిపై మాట్లాడటం తమ వృత్తి బాధ్యతని ఒక ప్రకటన చేశారు. వాళ్ళలో ఇయాన్ మెక్‌హార్గ్ ఒకడు. స్కాట్లాండ్‌లో పుట్టి పెన్సిల్వేనియాలో పాఠాలు చెప్పిన ఈయన ఒక పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. నేల వాలుకు ఒక పారదర్శక మ్యాపు, మట్టికి ఒకటి, వరద మునిగే చోట్లకు ఒకటి, అడవికి ఒకటి గీసి ఒకదాని మీద ఒకటి పరుస్తారు. ఎక్కడ కట్టొచ్చో ఎక్కడ కట్టకూడదో ఆ పొరల్లోంచే తేలుతుంది. ఇవాళ కంప్యూటర్‌లో జీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ చేసే పనికి ఇది పూర్వరూపాల్లో ఒకటి. శాఖలవారీగా ముక్కలైన మన డెల్టాకు ఇంతకంటే అవసరమైన పద్ధతి నాకు కనబడదు.

1899లో మొదలైన అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘం ఇప్పుడు ఏటా తన సభ్యుల్ని వాషింగ్టన్ తీసుకెళ్ళి చట్టసభ సభ్యులతో కూర్చోబెడుతుంది. 2018లో వాతావరణ మార్పుకు తగిన విధానాలపై నిపుణుల బృందంతో నివేదిక రాయించింది. 2022లో, 2040 నాటికి తమ ప్రాజెక్టుల నుంచి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలన్న ప్రణాళిక ప్రకటించింది. ఆ సంఘం కోరేవాటిలో తమ వృత్తి ప్రయోజనాలూ ఉంటాయి. 2023లో అమెరికా ప్రభుత్వం ఈ చదువును సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల సరసన చేర్చడం వెనుక సంఘం చేసిన ప్రయత్నం ఉంది. లైసెన్సు చట్టాల్ని కాపాడుకోవడమూ వాళ్ళ పనుల్లో ఉంది. దీన్ని దాచాల్సిన పనిలేదు. తమ జీవనోపాధి కోసం అడగడాన్నీ ఊరి మేలు కోసం అడగడాన్నీ విడివిడిగా చూస్తే చాలు. వాళ్ళ వాదనను తూచడానికి మనకు మంచి కొలత ఉంది: వాళ్ళు అడిగింది జరిగితే వాళ్ళకు కాంట్రాక్టు రాకపోయినా నేలకు మేలు జరుగుతుందా?

ఉత్తరాలతో మొదలైన విధానం

చైనాలో యూ కాంగ్‌జియన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు చేసిన పని ఈ విషయంలో అందరూ తెలుసుకోదగ్గది. జజియాంగ్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టి, చెరువులు, పొలం గట్ల మధ్య పెరిగాడు. అమెరికాలో చదువుకుని తిరిగొచ్చి పెకింగ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. నదులకు సిమెంటు గోడలు కట్టడం ఆపమని, వర్షపు నీటిని పడిన చోటే ఆపి నెమ్మదిగా వదలమని ఏళ్ళ తరబడి మేయర్లకు ఉపన్యాసాలిచ్చాడు, నాయకులకు ఉత్తరాలు రాశాడు. మొదట్లో వినేవాళ్ళు తక్కువ, తిట్టేవాళ్ళు ఎక్కువ. 2012 జులైలో బీజింగ్‌లో వానకు పదుల మంది చనిపోయాక పరిస్థితి మారింది. 2013 చివర్లో స్పంజ్ సిటీ, అంటే వాన నీటిని స్పంజిలా పట్టి ఉంచుకునే నగరం, అన్న మాట దేశాధినేత నోటనే వచ్చింది. 2015లో 16 నగరాలతో పథకం మొదలైంది. ఆయన 2025 సెప్టెంబరులో బ్రెజిల్‌లో విమాన ప్రమాదంలో మరణించేనాటికి ఆ ఆలోచన ప్రపంచమంతా తిరిగింది.

అయితే స్పంజ్ సిటీ మంత్రదండం కాదు. 2021 జులైలో జెంగ్‌జౌ నగరంలో ఒక్క గంటలో 200 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు ఆ నగరం మునిగింది, అది కూడా స్పంజ్ సిటీ పనులు చేపట్టిన నగరమే. పైగా ఆ పద్ధతిలో సగం బలం నీరు భూమిలోకి ఇంకడం మీద ఉంది. మన డెల్టాలో వానాకాలంలో భూగర్భజలం దాదాపు పైనే ఉంటుంది, పల్లాల్లో బంకమట్టి. ఇంకుడు గుంతలు ఎన్ని తవ్వినా అమలాపురంలోనో భీమవరంలోనో అవి నిండిపోయి కూర్చుంటాయి. ఇక్కడ పనికొచ్చేది నేల పైన ఆపుకునే చోటు. పక్క రాష్ట్రంలో పనిచేసింది కదా అని ఇంకుడు గుంతల లక్ష్యాన్ని డెల్టా మండలాల మీద రుద్దితే డబ్బు దండగ.

నెదర్లాండ్స్‌ది ఇంకో రకం పాఠం. 1995లో రైన్ నది శాఖలకు వరదొచ్చి రెండున్నర లక్షల మందిని తరలించాక, గట్లు ఎత్తు పెంచుకుంటూ పోవడం ఆపి నదికే చోటివ్వాలని ఆ దేశం నిర్ణయించింది. ముప్ఫైకి పైగా చోట్ల గట్లను వెనక్కి జరిపారు, పక్క పాయలు తవ్వారు. ఖర్చు దాదాపు 230 కోట్ల యూరోలు. ఆ పథకానికి రెండు లక్ష్యాలు రాసుకున్నారు: ఒకటి వరద భద్రత, రెండోది ఆ ప్రాంతం మనుషులకు మరింత బాగుండటం. రెండోదాన్ని కాపాడటానికి ఒక నిపుణుల బృందాన్ని పెట్టి, దానికి డిర్క్ సైమన్స్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టును అధ్యక్షుణ్ణి చేశారు. ఒకచోట రైతులే ముందుకొచ్చి, మా పొలాల్లోకి వరదను రానివ్వండి, మా ఇళ్ళనూ పశువుల పాకలనూ ఎత్తైన దిబ్బల మీదికి మార్చండి అని ప్రతిపాదించారు. అలాగే చేశారు.

మన లంకలకు ఇది సరిపోతుందనిపిస్తుంది. కానీ ఒక లెక్క చూడండి. రైన్ నదికి ఆ పథకం తట్టుకోవాలనుకున్న గరిష్ఠ వరద సెకనుకు 16,000 ఘనపు మీటర్లు, అంటే సుమారు 5.65 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరికే 11.75 అడుగుల నీటిమట్టానికి, దాదాపు 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చింది సుమారు 35 లక్షలు. వాళ్ళు అత్యంత ప్రమాదమని లెక్క కట్టిన వరద మనకు హెచ్చరిక స్థాయికి కూడా చేరదు. కాబట్టి వాళ్ళ డ్రాయింగులు తెచ్చుకుని ఉపయోగం లేదు. తెచ్చుకోవాల్సింది వాళ్ళ పద్ధతి: పథకం మొదట్లోనే రెండో లక్ష్యాన్ని రాసుకోవడం, దానికి ఒక మనిషిని బాధ్యుణ్ణి చేయడం, రైతు ప్రతిపాదనను బల్ల మీదికి రానివ్వడం.

ఇక్కడ ఎందుకు వినబడటం లేదు

మన దేశంలో ఈ వృత్తివాళ్ళ జాతీయ సంఘం 2003లో ఏర్పడింది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఈ సబ్జెక్టులో పీజీ ఉంది, డెల్టాకు రెండు మూడు గంటల దూరంలో. ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకు విడిగా చట్టం లేదు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో ల్యాండ్‌స్కేప్‌కు ఒక భాగం కేటాయించారు, కానీ అది ప్రధానంగా స్థలం స్థాయి విషయం, డెల్టా స్థాయి విషయం కాదు. చట్టం లేకపోవడం కంటే పెద్ద అడ్డంకి పని వచ్చే వరసలో ఉంది. ప్రాజెక్టు ఎక్కడ రావాలో, ఎంత మట్టి తోలాలో, నీరు ఎటు మళ్ళాలో అన్నీ తేలిపోయాక, అంచనా పత్రంలో చివరి వరుసలో ల్యాండ్‌స్కేపింగ్ అని ఒక పద్దు ఉంటుంది. మొక్కలు, లైట్లు, బెంచీలు. ఆ దశలో పిలిచిన మనిషి నేల గురించి ఏం చెప్పినా వినడానికి ఎవరికీ ఓపిక ఉండదు. డబ్బు ఇచ్చేది క్లయింటు కాబట్టి గట్టిగా చెప్పడానికి ఆ మనిషికీ భయం.

2027 గోదావరి పుష్కరాలకు పనులు జరుగుతున్న ఈ కాలంలో నాకు ఉన్న టెన్షన్ ఇదే. ఘాట్లు, రోడ్లు, నది ఒడ్డున పర్యాటక సదుపాయాలు తప్పక కావాలి. 2015లో రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో జనం చనిపోయిన బాధ ఇంకా ఉంది, జనం కదిలే దారుల రూపకల్పన ప్రాణాల విషయం. అదే సమయంలో ఏటి ఒడ్డును మొత్తం సిమెంటు మెట్లుగా, వాకింగ్ ట్రాకుగా మార్చడమే అభివృద్ధి అనుకుంటే నది కోల్పోయే చోటుకు లెక్క ఎవరూ రాయరు. ఈ వృత్తివాళ్ళు అలంకరణకు సంతకం పెట్టి ఊరుకుంటే వాళ్ళు కూడా ఆ నష్టంలో భాగస్వాములే అవుతారు.

పని ఆలస్యమైతే మిగిలేది కోర్టు. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు కొట్టేసిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదలకు ఇళ్ళు కావాలా, మడ అడవి కావాలా అన్నట్టు ఆ చర్చ జరగడం నాకు ఇప్పటికీ బాధే. ఇంటికి ఏ నేల తగినదో ముందే మ్యాపు మీద తేలి ఉంటే ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టే అవసరం వచ్చేది కాదు. పల్లంలో పట్టా ఇచ్చి పేదవాణ్ణి ఏటా ముంచడం అతనికి చేసే మేలు కూడా కాదు.

ఎక్కడ మాట్లాడాలి

విధానం మీద పనిచేయడమంటే ధర్నాలో కూర్చోవడమో వ్యాసం రాయడమో మాత్రమే అనుకుంటాం. అసలు తలుపులు చాలా మామూలు కాగితాల్లో ఉన్నాయి. కేంద్రం తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్ని మార్చేముందు ముసాయిదా విడుదల చేసి అభ్యంతరాలకు గడువిస్తుంది. 2018లో అలా వచ్చి 2019 జనవరిలో ఖాయమైన నోటిఫికేషన్, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరంలో నిర్మాణాలు నిషేధించిన మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. ఒక్క వాక్యంలో ఒక అంకె మారితే తీరం వెంట ఇళ్ళు, తోటలు, రిసార్టులు ఎక్కడ నిలబడతాయో మారిపోతుంది. ఆ గడువులో డెల్టా తీరం మ్యాపుతో, మునిగే చోట్ల ఆధారాలతో రాసిన పది పేజీల అభ్యంతరానికి ఉండే విలువ, నోటిఫికేషన్ వచ్చాక ఎంత గొంతు చించుకున్నా ఉండదు.

కాకినాడ, రాజమహేంద్రవరం పట్టణాభివృద్ధి సంస్థల మాస్టర్ ప్లాన్లూ అంతే. అందులో పల్లపు నేలకు ఏ రంగు పూశారన్నదే అసలు ప్రశ్న. పసుపు పూస్తే నివాస ప్రాంతం, రేపు మట్టి తోలతారు. వర్షపు నీరు ఆగే నేల అని ఒక వర్గం ఏర్పరచి, ఆ భూమి యజమానికి నష్టం రాకుండా పరిహారమో, అభివృద్ధి హక్కుల బదిలీయో (అక్కడ కట్టుకోలేని మేరకు వేరేచోట కట్టుకునే హక్కు) చూపించమని అడగాలి. పరిహారం సంగతి మాట్లాడకుండా రైతు పొలాన్ని ఆకుపచ్చ రంగులోకి మార్చమంటే అది అన్యాయం, అమలూ కాదు.

ఇంకొక తలుపు అంచనాల ధరల పట్టిక. కాంక్రీటు గోడకు, మట్టి పనికి, రాతి పేర్పుకు ఇంజనీరు దగ్గర సిద్ధంగా ధరలుంటాయి. ఉప్పుటేరు గట్టు మీద మడ మొక్కలు నాటి మూడేళ్ళు కాపాడే పనికి, గట్టును మెల్లని వాలుగా మలిచి గడ్డితో కట్టడి చేసే పనికి అంతే స్పష్టమైన ధర, కొలత, నాణ్యత నిబంధన లేకపోతే, ఎంత మంచి మనసున్న ఇంజనీరైనా గోడే రాస్తాడు. ఆడిట్‌లో ఇబ్బంది పడేది అతనే కదా. ఆ పట్టికలోకి ఈ పనుల్ని ఎక్కించడం ఎవరూ ఫొటో తీయని పని. నా లెక్కలో ఇదే అన్నిటికంటే ఫలితమిచ్చే పని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మడ అడవులు, సరుగుడు తోటలు అన్నిటికీ జవాబు కావు. 1978లో అభయారణ్యమైన కోరంగి, దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మేర, అలల ధాటిని తగ్గించి చేపలకు పురిటిల్లై నిలిచింది. నిజమే. కానీ ఉప్పాడలో అదే చేయమంటే కుదరదు. హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు అడ్డుగా ఉంటే, దాని చాటు దాటిన ఉప్పాడకు అలలు నేరుగా తగులుతాయి. అక్కడ ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టం, జియోట్యూబు, వేశారు, దాన్నీ సముద్రం దెబ్బతీసింది. ఇసుక ఎటునుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోతోందన్నది తేలకుండా మొక్కలతోనో రాళ్ళతోనో ఆ ఊరిని కాపాడగలమని ఏ వృత్తివాళ్ళు చెప్పినా నమ్మకూడదు. కొన్నిచోట్ల గోడ కావాలి. కొన్నిచోట్ల మత్స్యకారుల ఇళ్ళు, పడవలు, వలలు ఆరేసుకునే చోటుతో సహా వాళ్ళ ఒప్పుదలతో వెనక్కి జరగాలి. ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

ఇంజనీర్లను పక్కన పెట్టి ఇది జరగదు. బోస్టన్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ వాళ్ళు కలిసే చేశారు. రైతును పక్కన పెట్టి అసలే జరగదు. డ్రెయిన్ ఏ వంతెన దగ్గర ఎదురు తంతుందో, ఏ తూము మూసుకుపోయిందో, ఏ చేలో నీరు మూడు రోజులు నిలుస్తుందో ఉపగ్రహ చిత్రం కంటే బాగా చెప్పేది ఆ చేను దున్నేవాడే. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలున్నాయి. 2024 డిసెంబరులో వాటికి మళ్ళీ ఎన్నికలు జరిగాయి. వాటి సభ్యులతో కూర్చుని గీసిన మ్యాపుకు అధికారుల ముందు ఉండే బలం, కన్సల్టెంటు ఒంటరిగా గీసిన మ్యాపుకు ఉండదు.

మొత్తం డెల్టాకు ఒకేసారి కాకపోయినా ఒక డ్రెయిన్‌తో మొదలుపెట్టొచ్చు. యనమదుర్రు డ్రెయిన్‌నే తీసుకోండి. ఎర్రకాలువ అనే వాగు వరద, సాగునీటి కాలువను దాటించే నందమూరు అక్విడక్ట్ దాటి డెల్టాలో పడి, భీమవరం మీదుగా సముద్రం వైపు పోతుంది. విజయవాడ విద్యార్థులు ఒక సెమిస్టర్ స్టూడియోగా దాని వెంట తిరిగి, నీటి సంఘాలతో కలిసి ఎత్తుపల్లాలు, తూములు, చెరువుల గట్లు, పోటు చేరే మేర, ఇంకా మిగిలి ఉన్న ఆగే చోట్లు ఒకే మ్యాపులో పెట్టొచ్చు. జాతీయ సంఘం ఆ మ్యాపును కలెక్టరేట్ విపత్తు ప్రణాళికలోకి, జలవనరుల శాఖ పనుల జాబితాలోకి తీసుకెళ్ళే బాధ్యత తీసుకోవచ్చు. డెల్టా కాలువలు కట్టేసే వేసవిలోనే ఇక్కడ పనులన్నీ జరుగుతాయి, వాటి అంచనాలు అంతకు ముందే తయారవుతాయి. కాబట్టి ఆ మ్యాపు సంక్రాంతి నాటికి ఇంజనీర్ల చేతికి అందాలి.